మాయమైన బండి, మరణించిన ఓడ

కురుక్షేత్ర యుద్ధం ముగిసిన దినాన అర్జునుని రథం కాలి బూడిద అయినది. శ్రీకృష్ణుడు ముందుగా అర్జునుని గాండీవంతో, అమ్ములపొదులతో దిగుమని చెప్పి, పిదప తాను దిగినాడు. ధ్వజం మీది కపిరూపం అంతర్ధానమైనది. ఆ మరుక్షణమే రథం, గుర్రాలు, నొగ, కాడి సమస్తం మంటలలో మునిగినవి. విస్తుపోయిన పార్థునికి కృష్ణుడు కారణం చెప్పినాడు. ద్రోణ కర్ణుల అస్త్రాలకు ఆ రథం ఏనాడో దగ్ధమైనదట. తాను దానిపై కూర్చుండుట వలననే ఇంతవరకు నిలిచినదట. శల్యపర్వంలోని ఈ ఘట్టం చిన్నది. యుద్ధం ముగిసిన తరువాత ఆ రథంతో కవికి పని లేదు. దాని ఊసెత్తక ఊరకున్నను అడుగువారు లేరు. అయినను వీరుని మోసిన వాహనానికి కథలోనే ఒక అంత్యం కల్పించుట తన ధర్మమని వ్యాసుడు ఎంచినాడు.

ఈ ఘట్టాన్ని సరిక్రొత్త కథారూపమొకదాని సందర్భంలో తలచుకొనుట చిత్రంగా తోచవచ్చును. వీడియో గేములనిన పిల్లల కాలక్షేపమని పెదవి విరిచే పెద్దలు ఇంకను కలరు. కాని ఆ ఆటలలో కొన్ని ఇప్పుడు దీర్ఘకథలు. భాగాలు భాగాలుగా వెలువడు నవలల వంటివి. వాటిని ఆడువారు కేవలం ఆటగాండ్రు కారు, పాఠకులు కూడ. ఆ పాఠకులకు రాగద్వేషాలున్నవి, జ్ఞాపకశక్తి ఉన్నది, అలుక ఉన్నది. అట్టి ఒక ఆటకు రెండవ భాగం వచ్చినపుడు, అందులోని ఓడను గూర్చి, బండిని గూర్చి వారు చూపిన సంతోషాన్ని, చూపిన కోపాన్ని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో సాహిత్య విమర్శకు పనికివచ్చు సూత్రమొకటి దొరకుతున్నది.

కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి చెందిన బయోవేర్ సంస్థ 2007 నవంబరులో ‘మాస్ ఎఫెక్ట్’ అను వైజ్ఞానిక కల్పనా క్రీడను వెలువరించినది. రెండవ భాగం 2010 జనవరిలోను, మూడవది 2012 మార్చిలోను వచ్చినవి. మూడింటికిని దర్శకుడు కేసీ హడ్సన్. కథ క్రీస్తుశకం 2183లో మొదలగును. మానవులు నక్షత్రాల నడుమకు ప్రాకి, అక్కడ తమకంటె ముందే స్థిరపడిన ఇతర జాతులతో ఇరుగుపొరుగుగా మసలుట నేర్చుకొనుచున్న కాలమది. షెపర్డ్ అను సేనాని కథానాయకుడు. ఆటగాడు కోరినచో కథానాయిక కూడ కావచ్చును. ఆ సేనానికి వాహనాలు రెండు. ఒకటి నార్మండీ అను అంతరిక్ష నౌక. రెండవది మాకో అను ఆరుచక్రాల బండి. ఓడ నక్షత్రం నుండి నక్షత్రానికి మోసికొనిపోవును. బండి ఓడ కడుపులో నుండి గ్రహం మీదికి దూకును.

ఈ రెండింటిలో ఓడ అందరి మనస్సులను మొదటి చూపులోనే గెలుచుకొన్నది. అది సన్నగా, పొడవుగా, విసరుటకు ఎత్తిన ఈటె వలె ఉండును. తన వేడిమిని తన కడుపులోనే దాచుకొని శత్రువు కన్నుగప్పి పోవుట దాని విద్య. అంతకంటె ముఖ్యమైనది దాని పుట్టుక. కథ ప్రకారం దానిని మానవులును, ట్యూరియన్లు అను మరియొక జాతివారును కలిసి నిర్మించినారు. ఆ రెండు జాతులును 2157లో ఒకదానితో ఒకటి పోరినవే. నాయకుడు తన నావికుల నడుమ గాక, వారి వెనుక ఎత్తయిన చోట నిలిచి అందరిని పరికించు అమరిక ట్యూరియన్ల పద్ధతి. అది పనిచేయునో లేదో చూడవలెనని మానవులు దానిని అంగీకరించినారు. అనగా ఆ ఓడలో ఒక వేదిక ఎత్తు కూడ కథ చెప్పును. నిన్నటి పగవారు నేడు ఒక కప్పు క్రింద నిలుచుట ఎట్లో, ఆ ఓడలో నడచినవాడు మాటలతో పని లేకుండ తెలిసికొనును.

బండి సంగతి వేరు. మాకోను నడిపినవారిలో తిట్టనివారు అరుదు. నేల నునుపుగా ఉన్నను అది బంతి వలె ఎగిరెగిరి పడును. చిన్న రాయి తగిలిన చాలును, వెల్లకిలా పడును. కుడికి త్రిప్పినచో ఎటు పోవునో దానికే తెలియదు. పోనీ అది తిరుగాడు గ్రహాలైనను చూడముచ్చటగా ఉన్నవా అనిన, అనేక గ్రహాలు బోడికొండలే. ఆ కొండల నడుమ కనిపించు కట్టడాలలో అడుగుపెట్టినచో, నిన్న మరియొక గ్రహం మీద చూచిన గదులే మరల ఎదురగును. నిట్టనిలువు కొండ మీదికి బండిని అంగుళమంగుళం ఎక్కించి, కొన కందక జారి, మరల ఎక్కించి విసిగిన ఆటగాండ్రు నిర్మాతలను దుమ్మెత్తి పోసినారు. ఆ నిందలో అసత్యం లేదు.

నిర్మాతలు ఆ మాట విన్నారు. విని, రెండవ భాగంలో బండినే తీసివేసినారు. దాని స్థానంలో, ఓడ పైననే నిలిచి, గ్రహాన్ని బొంగరం వలె త్రిప్పుచు, ఖనిజాలున్న చోటు కనిపెట్టి, అక్కడికి ఒక శోధక యంత్రాన్ని విడిచిపెట్టు పని ఒకటి కల్పించినారు. నేల మీద అడుగు పెట్టనక్కరలేదు. బోల్తాపడు భయం లేదు. తప్పు తొలగినది. తప్పుతో పాటు నేల కూడ తొలగినది.

అదే రెండవ భాగం ప్రారంభంలో నార్మండీ కూడ పోయినది. కాని అది పోయిన తీరు వేరు. కథ మొదలైన కొద్దిసేపటికే గుర్తు తెలియని శత్రునౌక ఒకటి దానిని చీల్చివేయును. మంటల నడుమ నావికులు ప్రాణరక్షక పేటికల వైపు పరుగెత్తుదురు. పెళుసైన ఎముకల వ్యాధి గల జోకర్ అను చోదకుడు తన ఓడను విడువనని మొండికెత్తును. అతనిని రక్షించుటకు సేనాని వెనుకకు నడచును. మొదటి భాగంలో నక్షత్రపటం వెలిగిన ఆ నడిమి గదిలో అడుగుపెట్టునప్పటికి కప్పు లేదు, పైన శూన్యం. గాలి లేదు కనుక చప్పుడు లేదు. సేనాని ఊపిరి శబ్దమొక్కటే వినిపించును. తల పైన ఒక గ్రహం మెల్లగా తిరుగుచుండును. పూర్వపు ఆటలో గంటలకొలది తిరిగిన ఇల్లు కళ్ళ ముందు శిథిలమగుచుండగా ఆటగాడు ఆ కొద్ది అడుగులు తానే నడువవలెను. ఓడతో పాటు సేనాని కూడ మరణించును. సెర్బెరస్ అను ఒక రహస్యసంస్థ రెండేండ్లు శ్రమించి ఆ సేనానిని బ్రతికించి, పాత ఓడ పోలికలతోనే, దానికి దాదాపు రెండింతల ఓడను నిర్మించి యిచ్చును.

ఆ క్రొత్త ఓడను గూర్చి అభిమానులలో భిన్నాభిప్రాయాలు పుట్టినవి. కొందరు మురిసిపోయినారు. చోదకుని ఆసనానికి తోలు మెత్తలు, సేనానికి ప్రత్యేకమైన గది, ఆ గదిలో గోడ నిండుగా చేపల తొట్టి. మేత వేయుట మరచినచో ఆ చేపలు చచ్చును గూడ. కొందరికి ఆ విశాలత రుచించలేదు. పాత ఓడలో రెండడుగులు వేసిన ఎవరో ఒకరు పలుకరించెడివారు; ఇందులో అంతస్తు దిగి అంతస్తు ఎక్కి వెదకవలెను; ఇది ఓడ కాదు, సత్రం అన్నారు. ఇంకొందరు మరింత సూక్ష్మంగా చూచి, ఇది బాగున్నది గాని మనది కాదన్నారు. వారే కథను సరిగా చదివినవారు. ఎందుకనిన సెర్బెరస్ అనునది మానవజాతి ఆధిక్యం కొరకు దేనికైనను తెగించు సంస్థ. పాత ఓడ రెండు జాతుల పొత్తు; ఈ ఓడ ఒక జాతి గర్వం. తోలు మెత్తలు, చేపల తొట్టి బహుమానాలు కావు, లంచాలు. ఆ సంగతి ఎవరును ఉపన్యసించి చెప్పనక్కర లేకుండ ఓడ రూపమే చెప్పినది. ఆటగాని మనస్సులో కలిగిన ఎడమే దానికి సాక్ష్యం.

ఇక్కడ గమనింపదగిన వింత ఒకటి ఉన్నది. అందరు ప్రేమించిన ఓడను నిర్మాతలు చంపినారు. అభిమానులు కన్నీరు కార్చినారే గాని నిర్మాతలను ద్వేషించలేదు. పైగా ఆ ప్రారంభఘట్టాన్ని ఆ కథాపరంపరలోని మేలైన ఘట్టాలలో ఒకటిగా నేటికిని చెప్పుకొందురు. అందరు తిట్టిన బండిని నిర్మాతలు తొలగించినారు. అభిమానులు సంతోషించవలసినది పోయి, కొద్దికాలానికే బండి ఏదని అడుగసాగినారు. ప్రియమైనది పోయిన సహించినవారు అప్రియమైనది పోయిన సహింపకపోవుట ఏమి? అభిమానుల చపలచిత్తమని కొందరు తేల్చివేసినారు. అది తొందరపాటు తీర్పు.

ఓడ కథలో మరణించినది. బండి కథ వెలుపల మాయమైనది. భేదమంతయు ఇందే ఉన్నది. కథలో మరణించిన వస్తువుకు కారణముండును, కాలముండును, శోకించుటకు చోటుండును. కథ వెలుపల మాయమైన దానికి ఇవేవియు లేవు. నిన్నటి ఇంటిలో ఉన్న తలుపు నేడు గోడ అయినట్లుండును. ఉత్తరభాగం వ్రాయు కవికి పూర్వభాగంలోని దేనినైనను మార్చు అధికారమున్నది. కాని ఆ మార్పు కథ చేతిమీదుగా జరుగవలెను. మూడవ భాగంలో ఇదే సూత్రం మరియొకమారు రుజువైనది. అందులో అదే పెద్ద ఓడను సైన్యం స్వాధీనం చేసికొని, రంగు మార్చి, గదులు మార్చుచుండగా యుద్ధం వచ్చిపడినది. పని సగంలో ఆగినందున తీగలు బయటికి వ్రేలాడుచుండును. తీగలు వ్రేలాడుటకు కథలో కారణమున్నది కనుక ఆ అసంపూర్ణతయే అందమైనది.

అలంకారశాస్త్ర పరిభాషలో దీనినే మరియొక విధంగా చెప్పవచ్చును. రసానికి విభావాలు రెండు తెరగులు: ఎవరిని ఆశ్రయించి భావం పుట్టునో అది ఆలంబనం, పుట్టిన భావాన్ని పెంపొందించు వెన్నెల, వనం వంటివి ఉద్దీపనాలు. నిర్మాతలు బండిని ఉద్దీపనమని కూడ అనుకొనలేదు. కేవలం పనిముట్టు అనుకొన్నారు. కాని ఆటగాడు ఆ పనిముట్టులో కూర్చుండి ఏమి చూచినాడో వారు లెక్కింపలేదు. మొదటి భాగంలో ఒక కార్యం చంద్రుని మీద జరుగును. ఆ బూడిదరంగు నేల మీద ఎగిరిపడుచు పోవు మాకోను ఒకచోట నిలిపి తలయెత్తి చూచినచో, నల్లని ఆకాశంలో నీలి భూగోళం కనిపించును. ఎవరును మాటాడరు, అక్కడ చేయవలసిన పనియు లేదు. నక్షత్రాలు దాటి వచ్చినవాడు తన ఊరిని దూరం నుండి చూచు క్షణమది. ఆ బోడికొండలు, ఆ శూన్యం, ఆ విసుగు కూడ కలిసి ఈ లోకం చాల పెద్దదను అద్భుతరసాన్ని పోషించినవి. బండి తొలగునప్పటికి అద్భుతానికి ఆధారం తొలగినది. రెండవ భాగం మెరుగైన కథయే. అందు సందేహం లేదు. కాని అందులోని విశ్వం గదులుగా, వీధులుగా కుదించుకొనిపోయినది.

ఇదే పొరపాటు లిఫ్టుల విషయంలోను జరిగినది. మొదటి భాగంలోని సిటడెల్ అను మహానగరంలో లిఫ్టులు నత్తనడక నడచెడివి. మరుసటి చోటును సిద్ధపరచుటకు యంత్రానికి వ్యవధి కావలెను. ఆ వ్యవధిని దాచుటకు లిఫ్టు ఒక ఉపాయం. ఆ నిలుచుండు కాలంలో సహచరులిద్దరు తమ జాతుల పాత పగలను గూర్చి, వలసలను గూర్చి ఏదో ముచ్చటించుకొనెడివారు. ఆలస్యమని ఆటగాండ్రు గొణిగినారు. రెండవ భాగంలో లిఫ్టులు పోయి, వాటితో ముచ్చట్లు పోయినవి. నిర్మాతలకే ఈ సంగతి తెలిసినట్లున్నది. ఆ రెండవ భాగంలోనే గ్యారస్ అను సహచరుడు నాటి లిఫ్టు ముచ్చట్లను తాలీ అను సహచరికి జ్ఞాపకం చేయగా, ఆమె ఆ మాటను త్రుంచివేయును. హాస్యం బాగున్నది. కాని పోగొట్టుకొన్న దానిని గూర్చి చమత్కరించుట దానిని తిరిగి ఇచ్చుట కాదు.

నిర్మాతల పక్షాన చెప్పవలసినదియు కొంత ఉన్నది. బండి నడక బాగుపడవలెననిన ఒక్క బండిని సరిచేసిన చాలదు; గ్రహాలను అందంగా తీర్చవలెను, కట్టడాలకు వైవిధ్యం కల్పించవలెను. అంత శ్రమను పాత్రల మీద, సంభాషణల మీద వెచ్చించుట మేలని వారు తలచియుండవచ్చును. ఆ పాత్రల వలననే రెండవ భాగం చిరస్థాయిగా నిలిచినది. ఓడను గూడ వారు కేవలం అలంకారంగా విడువలేదు. ఓడకు కవచం గట్టిపరచక, రక్షణలు పెంచక అంతిమయాత్రకు బయలుదేరిన సేనాని సహచరులను దారిలోనే పోగొట్టుకొనును. వాహనం పట్ల అశ్రద్ధ మనుష్యుల మరణానికి దారితీయు ఈ కల్పన ఎంతో ఉచితమైనది. ఓడ మీద ఇంతటి ఊహ చూపినవారు బండి విషయంలో ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టినట్లు చేయుటయే విచారం.

వారు వెంటనే దిద్దుబాటుకు పూనుకొన్నారు. 2010 మార్చిలో హ్యామర్‌హెడ్ అను క్రొత్త వాహనాన్ని ఐదు కార్యాల అనుబంధంగా అందించినారు. అది చక్రాలు లేక నేలకు పైన తేలిపోవును; బోల్తాపడదు; త్రిప్పినవైపు తిరుగును. మాకో మీద వచ్చిన ప్రతి నిందకును అది జవాబు. అయినను దానికి మాకోకు దక్కిన స్థానం దక్కలేదు. కాగితం వంటి కవచంతో నాలుగు దెబ్బలకే పేలిపోవునని క్రొత్త నింద పుట్టినది. అంతకంటె లోతైన కారణం వేరొకటి కలదు. మాకో బరువైనది, నేలను తాకును, ఎక్కలేని కొండను ఎక్కించుటలో నడుపువాని పంతమున్నది. తేలిపోవుదానికి నేలతో తగవు లేదు, తగవు లేనిచోట చుట్టరికమును లేదు.

అభిమానులు కూడ నిర్దోషులు కారు. మాకోను గూర్చి నేడు నిట్టూర్చువారిలో నాడు దానిని తిట్టినవారు చాలమంది ఉందురు. జ్ఞాపకం కొండలను నునుపు చేయును. విసుగును మరపించి భూగోళాన్ని మాత్రం నిలుపును. తిట్టునపుడు వారు ఈ బండి బోల్తాపడుచున్నదని చెప్పినారే గాని, ఈ బండి మాకు కావలెనని చెప్పలేదు. నిందించుట సులభం, నిందించునపుడే నిలుపుకొనదగినది ఏదో చెప్పుట కష్టం. పూర్వం గ్రంథం అచ్చయిన పిదప విమర్శ వచ్చెడిది. కవి విన్నను వినకున్నను గ్రంథం గ్రంథమే. ఇట్టి కథాపరంపరలలో పాఠకుని మాట మరుసటి భాగపు రూపాన్ని మార్చగలదు. అంత బలం గల మాట పొదుపుగా, నిండుగా ఉండవలెను. కోపాన కోసికొన్న ముక్కు శాంతాన రాదు.

ఇంతకును ఆ బండికి ఏమైనది? సమాధానం రెండవ భాగపు ప్రధానకథలో లేదు. దానికి చేర్చిన ఒక చిన్న అనుబంధఘట్టంలో ఉన్నది. నార్మండీ కూలిన ఆల్కెరా అను మంచుగ్రహానికి సేనాని ఒంటరిగా వెళ్ళును. అక్కడ శత్రువు లేడు. తుపాకీ పేల్చు పని లేదు. చనిపోయిన ఇరువది మంది నావికుల గుర్తుబిళ్ళలను మంచులో వెదకి ఏరుకొని, ఒక స్మారకాన్ని నిలిపి మరలివచ్చుటయే పని. విరిగిన ఓడ ముక్కల నడుమ నడచుచుండగా మంచులో కూరుకొనిపోయిన మాకో కనిపించును. ఎవరును దానిని గూర్చి వివరించరు. కాని ఆ ఘట్టాన్ని చూచిన అభిమాని బండి ఏదని మరల అడుగడు. దానికి అంత్యం దొరకినది. ఈ దృశ్యం అనుబంధంలో గాక మూలకథలోనే ఉండియున్నచో ఆ అలుకలో సగం పుట్టియుండెడిది కాదు.

మిగిలిన సగాన్ని కాలం తీర్చినది. 2017లో వెలువడిన ‘ఆండ్రొమెడా’ అను భాగంలో నోమాడ్ అను ఆరుచక్రాల బండి వచ్చినది. 2021 మే నెలలో మొదటి మూడు భాగాలను సంస్కరించి మరల ప్రకటించినపుడు నిర్మాతలు మాకోను తొలగింపలేదు, మరమ్మతు చేసినారు. నడక కుదురుపడినది, కవచం త్వరగా కోలుకొనును, వేగానికి క్రొత్త ఉపాయం చేరినది, లావా తాకిన మాత్రాన ఆట ముగిసిపోదు. పాత గంతులే ముద్దనువారికి పాత పద్ధతిని ఎంచుకొను వీలును ఉంచినారు. లిఫ్టులలో ముచ్చట వినదలచినవాడు వినవచ్చును, తొందర గలవాడు దాటిపోవచ్చును. 2007లో వినిపించిన ఫిర్యాదుకు సరియైన అర్థం బోధపడుటకు దాదాపు పదునాలుగేండ్లు పట్టినది: పాఠకుడు కోరినది చికిత్స, జరిగినది బహిష్కారం.

కవి పాఠకుని మాట వినవలెనా అను ప్రశ్న పాతది. వినవలెను. కాని వినుట అనగా విధేయత కాదు. ఈ బండి బోల్తాపడుచున్నదని ఫిర్యాదు చేసినవాడు అంతవరకు దానిలో కూర్చుండి ప్రయాణం చేసినవాడు. కొండ అవతల ఏమున్నదో చూడవలెనను ఆశ లేనివాడు అంత దూరం రాడు, అంతగా తిట్టడు. ఆ తిట్టులోని చనువును గుర్తించిన నిర్మాత బండిని బాగుచేయును. చంపక తప్పనిచో వ్యాసుని వలె అందరి కళ్ళ ముందు, తగిన కారణం చెప్పి, దహనం చేయును.